కణితుల్లో ఆక్సిజన్ కొరత: ఇమేజింగ్ ద్వారా గుర్తింపు

క్యాన్సర్ కణితిలోని కణాలకు చాలినంత ఆక్సిజన్ అందని స్థితిని కణితి హైపాక్సియా అంటారు. ఆరోగ్యంగా ఉన్న కణజాలాల్లో ఆక్సిజన్ పీడనం అవయవాన్ని బట్టి మారుతుంది గాని, చాలావాటిలో అది సుమారు 25 నుంచి 60 మిల్లీమీటర్ల పాదరసం మధ్య ఉంటుంది. గట్టి కణితుల్లో 10కి దిగువన ఉన్న ప్రాంతాలు మామూలుగానే కనిపిస్తాయి. 2.5 కంటే తక్కువకు పడిపోయిన చోట్లూ అరుదు కాదు. అక్కడి కణాలు రేడియేషన్‌కు అంత తేలిగ్గా చావవు, కొన్ని మందులకూ లొంగవు, ఇతర అవయవాలకు పాకే గుణాన్ని ఎక్కువగా సంతరించుకుంటాయి. అందుకే గడ్డ ఎంత పెద్దదో, ఎక్కడిదాకా పాకిందో తెలుసుకోవడంతో పాటు దానిలో ఊపిరాడని భాగం ఎంతో, ఎక్కడుందో తెలుసుకోవాలని రేడియేషన్ వైద్యులు చాలాకాలంగా కోరుకుంటున్నారు. సూది గుచ్చకుండా, కోత లేకుండా ఆ సమాచారం రాబట్టడానికి పెట్ స్కాన్, ఎమ్మారై, కాంతి ఆధారిత పద్ధతులు అభివృద్ధి చెందాయి.

వీటిలో ఏదీ కణంలోని ఆక్సిజన్‌ను ఫోటో తీసినట్టు చూపదు. ఒకటి ఆక్సిజన్ లేనప్పుడు జరిగే రసాయన చర్య తాలూకు ఆనవాలును పట్టుకుంటుంది, ఇంకొకటి రక్తంలోని హిమోగ్లోబిన్ స్థితిని, మరొకటి కణజాల ద్రవంలో కరిగిన ఆక్సిజన్‌లో వచ్చిన మార్పును చూస్తుంది. ఒకే గడ్డకు రెండు పద్ధతులు రెండు రకాల పటాలు ఇస్తే రెండూ సరైనవే కావచ్చు. ఏ యంత్రం దేన్ని కొలుస్తున్నదో మరిచిపోయి ఫలితాలను పోల్చడం వల్ల ఈ రంగంలో తలెత్తిన గందరగోళం తక్కువేమీ కాదు.

కొరత ఎలా ఏర్పడుతుంది

1955లో బ్రిటన్‌కు చెందిన థామ్లిన్‌సన్, గ్రే అనే ఇద్దరు పరిశోధకులు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముక్కలను మైక్రోస్కోపు కింద పరిశీలించి కొలతలు తీసుకున్నారు. క్యాన్సర్ కణాలు తాళ్ల మాదిరి కట్టలుగా పెరిగాయి. రక్తనాళాలు ఆ కట్టల చుట్టూ ఉన్న కణజాలంలోనే తప్ప లోపల లేవు. వ్యాసార్ధం సుమారు 160 మైక్రోమీటర్ల లోపు ఉన్న కట్టల్లో కణాలన్నీ బతికే ఉన్నాయి. 200 మైక్రోమీటర్లు దాటిన ప్రతి కట్టలోనూ నడిమి భాగం కుళ్లిపోయి ఉంది. రక్తనాళం నుంచి బయలుదేరిన ఆక్సిజన్ దారిలోని కణాలు వాడుకోగా దాదాపు 150 మైక్రోమీటర్ల దూరానికి అయిపోతుందని వారు లెక్కకట్టారు. ఎగువ రైతులు వాడుకోగా కాలువ చివరి ఆయకట్టుకు నీరు చేరని పరిస్థితే ఇదీ. పూర్తిగా చచ్చిపోయిన నడిమి భాగానికీ బాగా బతుకుతున్న అంచుకూ మధ్య సన్నని పొర ఒకటి ఉంటుంది. అందులోని కణాలకు బతకడానికి చాలినంత ఆక్సిజన్ ఉంటుంది, రేడియేషన్ పూర్తిగా పనిచేయడానికి మాత్రం చాలదు. చికిత్సకు కొరకరాని కొయ్య ఆ పొరే.

ఇది దీర్ఘకాలిక హైపాక్సియా. రెండో రకం తాత్కాలికం. కణితి రక్తనాళాలు హడావుడిగా, వంకరటింకరగా పుట్టుకొస్తాయి, వాటి గోడలు కారుతుంటాయి. చుట్టూ ఒత్తిడి పెరిగినప్పుడు కొన్ని మూసుకుపోయి, నిమిషాల్లోనో గంటల్లోనో మళ్లీ తెరుచుకుంటాయి. నాళం పక్కనే ఉన్న కణాలకు కూడా అంతసేపు ఆక్సిజన్ అందదు. రోగికి రక్తహీనత ఉంటే సరఫరా ఇంకా తగ్గుతుంది. పొగతాగేవారి రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ హిమోగ్లోబిన్‌ను పట్టుకుని కూర్చోవడం వల్ల కూడా అదే జరుగుతుంది. రేడియేషన్ చికిత్స జరుగుతున్న వారాల్లో పొగ మానమని, హిమోగ్లోబిన్ పడిపోకుండా చూసుకోమని వైద్యులు పట్టుబట్టడానికి ఇదొక కారణం.

రేడియేషన్‌తో సంబంధం

ఆక్సిజన్‌కూ రేడియేషన్‌కూ లింకు ఉందన్న సంగతి శతాబ్దం కిందటే బయటపడింది. చర్మాన్ని గట్టిగా నొక్కిపట్టి, అంటే రక్తప్రసారం తగ్గించి, రేడియేషన్ ఇస్తే చర్మం తక్కువగా కమిలిపోతుందని 1909లో ఆస్ట్రియా వైద్యుడు గాట్వాల్ట్ ష్వార్ట్స్ గమనించాడు. కారణం తర్వాతి దశాబ్దాల్లో తెలిసింది. ఎక్స్‌రేలు కణంలోని నీటిని, డీఎన్‌ఏను తాకి క్షణకాలం నిలిచే ఫ్రీ రాడికల్స్‌ను పుట్టిస్తాయి. ఆ క్షణంలో ఆక్సిజన్ దగ్గర్లో ఉంటే డీఎన్‌ఏ మీది రాడికల్‌తో కలిసి గాయాన్ని శాశ్వతం చేస్తుంది. లేకపోతే గ్లూటాథయోన్ వంటి అణువులు హైడ్రోజన్‌ను ఇచ్చి గాయాన్ని మాన్పేస్తాయి. ఫలితంగా ఆక్సిజన్ లేని కణాన్ని చంపడానికి మామూలు కణానికి ఇచ్చే మోతాదు కన్నా రెండున్నర నుంచి మూడు రెట్లు కావాలి. ఈ తేడా అంతా చాలా తక్కువ పీడనాల దగ్గరే తేలుతుంది. సుమారు 3 మిల్లీమీటర్ల పాదరసం వద్ద కణం సున్నితత్వం సగం దారిలో ఉంటుంది, 20 దాటాక ఇంకెంత ఆక్సిజన్ ఇచ్చినా పెద్దగా మార్పు ఉండదు. కాబట్టి ఇమేజింగ్‌కు కావలసింది 40కీ 60కీ తేడా చెప్పడం కాదు, 2కీ 12కీ తేడా చెప్పగలగడం.

హైపాక్సియా ప్రభావం రేడియేషన్‌తో ఆగదు. ఆక్సిజన్ తగ్గగానే కణంలో హిఫ్-1 అనే ప్రోటీన్ నిలదొక్కుకుని వందలాది జన్యువులను మేల్కొలుపుతుంది. కొత్త రక్తనాళాలను పిలిచేవి, గ్లూకోజ్‌ను ఎక్కువగా లాక్కునేవి, కణం చోటు వదిలి కదలడానికి తోడ్పడేవి వాటిలో ఉంటాయి. కణాలు ఆక్సిజన్ స్థాయిని ఎలా పసిగడతాయో వివరించినందుకే గ్రెగ్ సెమెంజా, విలియం కేలిన్, పీటర్ రాట్‌క్లిఫ్‌లకు 2019లో వైద్యశాస్త్ర నోబెల్ లభించింది.

సూదితో కొలిచిన కాలం

స్కానింగ్ పద్ధతులకు ముందు ప్రామాణికంగా నిలిచింది ఎపెండార్ఫ్ ఎలక్ట్రోడ్. సుమారు 0.3 మిల్లీమీటర్ల మందమున్న సూదిని కణితిలోకి దింపేవారు. ఒక మోటారు దాన్ని 1 మిల్లీమీటరు ముందుకు తోసి, వెంటనే 0.3 మిల్లీమీటర్లు వెనక్కి లాగేది. గుచ్చినప్పుడు పడిన ఒత్తిడి సడలాక కొలత నమోదయ్యేది. ఇలా ఒక్కో దారిలో పదుల సంఖ్యలో అంకెలు వచ్చేవి. జర్మనీలోని మైన్జ్‌లో హెకెల్, ఫాపెల్ బృందం గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌పై ఈ సూదితో చేసిన పరిశీలనలు ఈ రంగం దిశనే మార్చాయి. మధ్యస్థ పీడనం 10 కంటే తక్కువున్న స్త్రీలలో ఫలితాలు అధ్వానంగా ఉన్నాయని 1996లో వారు ప్రకటించారు. రేడియేషన్ తీసుకున్న వారిలోనే కాదు, ఆపరేషన్‌తో గడ్డ తీసేసిన వారిలోనూ అంతే. రేడియేషన్ ఊసే లేని చోట కూడా ముప్పు ఎక్కువుందంటే, ఆక్సిజన్ కొరత కణితి దుడుకు స్వభావానికే గుర్తు అన్నమాట. తల, మెడ క్యాన్సర్లలో ఏడు కేంద్రాల నుంచి 397 మంది కొలతలను ఒకచోట చేర్చి 2005లో వెలువరించిన విశ్లేషణ కూడా ఇదే ధోరణి చూపింది.

సూదికి చేతికందే గడ్డలే పనికొస్తాయి. మెడలోని గ్రంథికి గుచ్చవచ్చు గాని ఊపిరితిత్తి లోతుకు, మెదడుకు అదే పనిగా గుచ్చలేరు. చచ్చిపోయిన కణజాలంలో దిగినా సూది సున్నాయే చూపుతుంది, బతికి ఉండి ఆక్సిజన్ లేని కణాల దగ్గరా అదే చూపుతుంది. చికిత్సకు ఎదురు తిరిగేది రెండోది మాత్రమే. చివరకు ఆ పరికరం తయారీయే ఆగిపోయింది.

పెట్ స్కాన్: నైట్రోఇమిడజోల్ ఆనవాళ్లు

ఇప్పుడు ఎక్కువగా పరిశోధనలో ఉన్న పద్ధతి పెట్ స్కాన్. దీని మూలం యాంటీబయాటిక్‌ల కథలో ఉంది. 1953లో జపాన్ శాస్త్రవేత్తలు అజోమైసిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. అది నైట్రోఇమిడజోల్ కుటుంబానికి చెందింది. విరేచనాలకు, పంటి చీముకు తెలుగు ఇళ్లలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు మింగే మెట్రోనిడజోల్, టినిడజోల్ మాత్రలదీ ఆ కుటుంబమే. ఆక్సిజన్ లేని చోట బతికే సూక్ష్మజీవులపై ఇవి పనిచేస్తాయి. ఆక్సిజన్ లేని క్యాన్సర్ కణాలను రేడియేషన్‌కు లొంగదీయడానికి కూడా ఇవే పనికిరావచ్చని 1970లలో మిసోనిడజోల్‌తో ప్రయత్నించారు. నరాలు దెబ్బతినడం వల్ల దాన్ని కావలసినంత మోతాదులో ఇవ్వలేకపోయారు. ఆ మందు హైపాక్సిక్ కణాల్లో పేరుకుంటుంది కాబట్టి దానికి ఒక రేడియోధార్మిక పరమాణువును తగిలిస్తే ఆ కణాలు ఎక్కడున్నాయో తెలుస్తుందని 1979లో డొనాల్డ్ చాప్‌మన్ సూచించాడు. మందుగా నిలవనిది గుర్తుగా నిలిచింది. ఫ్లోరిన్-18ను తగిలించిన రూపం ఫ్లోరోమిసోనిడజోల్. ఈ రంగంలో దాన్ని ఎఫ్‌మిసో అంటారు. అమెరికాలోని సియాటిల్‌లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయ బృందం దాన్ని రోగుల దాకా తెచ్చింది.

ఎఫ్‌మిసో పనితీరు ఇలా ఉంటుంది. రక్తంలోకి ఎక్కించిన అణువు ఏ కణంలోకైనా సులువుగా దూరుతుంది. లోపలి ఎంజైములు దాని నైట్రో భాగానికి ఒక ఎలక్ట్రాన్‌ను ఇస్తాయి. ఆక్సిజన్ ఉంటే ఆ ఎలక్ట్రాన్‌ను అది లాగేసుకుంటుంది, అణువు తిరిగి మొదటి రూపానికి వచ్చి కణం నుంచి బయటికి పోతుంది. ఆక్సిజన్ లేకపోతే మరిన్ని ఎలక్ట్రాన్లు చేరి అణువు చురుకైన రూపం దాల్చి కణంలోని ప్రోటీన్లకు అతుక్కుపోతుంది. ఈ అతుకు సుమారు 10 మిల్లీమీటర్ల పాదరసం దిగువనే గట్టిగా మొదలవుతుంది. ఎంజైములు పనిచేయాలంటే కణం బతికి ఉండాలి. చచ్చిన కణజాలం ఎఫ్‌మిసోను పట్టి ఉంచదు. సూది చేయలేని పని ఇదే.

స్కాన్ జరిగే తీరు మామూలు పెట్ స్కాన్‌కు అలవాటుపడిన వారికి విసుగు పుట్టిస్తుంది. క్యాన్సర్ విస్తరణ చూడటానికి వాడే, గ్లూకోజ్ లాంటి పదార్థమైన ఎఫ్‌డీజీని ఎక్కించిన గంటకే చిత్రం తీస్తారు. ఎఫ్‌మిసోకు రెండు నుంచి నాలుగు గంటలు ఆగాలి. కొవ్వులో కొంత కరిగే స్వభావం వల్ల అది రక్తం నుంచి మెల్లగా తప్పుకుంటుంది. ఈలోగా ఫ్లోరిన్-18 సగం తరిగిపోతూ ఉంటుంది, దాని అర్ధాయువు 110 నిమిషాలే. రేడియేషన్ ప్రణాళికకు వాడే స్కాన్ అయితే రోగి ముఖానికి, భుజాలకు చికిత్సనాడు బిగించే ప్లాస్టిక్ మాస్కునే వేసి అదే భంగిమలో పడుకోబెడతారు. చివరకు తెర మీద కనిపించేది ఎఫ్‌డీజీ చిత్రంలో మాదిరి నల్లగా కొట్టొచ్చినట్టు కనిపించే గడ్డ కాదు. చుట్టూ ఉన్న కండరం బూడిద రంగులో ఉంటే కణితిలో ఒక మూల దానికన్నా కొంచెం గాఢంగా ఉంటుంది. కండరంతో పోల్చిన నిష్పత్తి సుమారు 1.4, రక్తంతో పోల్చిన నిష్పత్తి 1.2 దాటితే హైపాక్సియా అని చాలా అధ్యయనాలు లెక్కవేశాయి. ఇంత చిన్న తేడా మీద తీర్పు చెప్పడానికి మంచి యంత్రమే కాదు, అనుభవమున్న కన్ను కూడా కావాలి. ఆనవాలు కాలేయం, మూత్రపిండాల ద్వారా బయటికి పోవడం వల్ల కాలేయం, పేగులు, మూత్రాశయం ప్రకాశవంతంగా కనిపిస్తాయి. మూత్రాశయానికి ఆనుకుని ఉండే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో ఇది పెద్ద ఇబ్బంది.

ఈ లోపాలను సవరించడానికి నీటిలో ఎక్కువ కరిగే ఆనవాళ్లను తయారుచేశారు. కెనడాలోని ఎడ్మంటన్‌లో రూపుదిద్దుకున్న ఫాజా రక్తం నుంచి త్వరగా తొలగి మెరుగైన తేడా చూపుతుంది. హెచ్‌ఎక్స్4, ఈఎఫ్5, ఫెట్నిమ్ వంటివి కూడా రోగుల్లో పరీక్షకు వచ్చాయి. వాటిలో ఏదీ ఎఫ్‌మిసోను పూర్తిగా పక్కకు నెట్టలేదు.

వేరే దారిలో వచ్చింది రాగి. 1997లో జపాన్‌కు చెందిన ఫుజిబయాషి బృందం పరిచయం చేసిన కాపర్-ఏటీఎస్ఎమ్‌తో నిమిషాల్లోనే స్పష్టమైన చిత్రం వస్తుంది. అమెరికాలో సెయింట్ లూయిస్ పరిశోధకులు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో దాని నిల్వ ఎక్కువున్న వారికి జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువని చూపారు. అయితే కొన్ని రకాల కణితుల్లో ఆ పదార్థం చేరిన చోట్లు నైట్రోఇమిడజోల్ చూపిన చోట్లతో కలవలేదు. అది ఆక్సిజన్ కొరత కన్నా కణంలో ఎలక్ట్రాన్లు మితిమీరి పోగుపడిన స్థితిని చూపుతున్నదన్న వాదన ఉంది. రోగి భవిష్యత్తు చెప్పడానికి అదీ పనికిరావచ్చు, హైపాక్సియా పటంగా మాత్రం దాన్ని జాగ్రత్తగానే చదవాలి.

ప్రతి పెద్ద నగరంలో దొరికే ఎఫ్‌డీజీ స్కానే ఈ పని చేయదా అన్న ప్రశ్న సహజం. ఆక్సిజన్ తగ్గినప్పుడు కణాలు గ్లూకోజ్‌ను ఎక్కువగా లాగుతాయన్నది నిజమే. ఆక్సిజన్ పుష్కలంగా ఉన్నా క్యాన్సర్ కణాలు అలాగే లాగుతాయని శాస్త్రవేత్త వార్‌బర్గ్ ఏనాడో చెప్పాడు. రెంటినీ విడదీయడం ఎఫ్‌డీజీకి చేతకాదు.

ఎమ్మారై దారులు

ఎమ్మారైకి రేడియోధార్మిక పదార్థం అక్కర్లేదు, వారం వారం తీసినా రోగికి రేడియేషన్ భారం లేదు. ఇందులో రెండు మార్గాలను జనం తరచూ కలగాపులగం చేస్తారు.

మొదటిది బోల్డ్. ఆక్సిజన్ కోల్పోయిన హిమోగ్లోబిన్ అయస్కాంత క్షేత్రానికి స్పందిస్తుందని లైనస్ పాలింగ్, కొరియెల్ 1936లోనే కనుగొన్నారు. ఆ గుణంతో ఎమ్మారైలో తేడా చూపవచ్చని సెయిజి ఒగావా 1990లో నిరూపించాడు. మెదడు పనితీరు చూపే ఎమ్మారై పుట్టింది దాని నుంచే. కణితిలో అలాంటి హిమోగ్లోబిన్ పెరిగితే సంకేతం త్వరగా సన్నగిల్లుతుంది, ఆ వేగాన్ని కొలుస్తారు. ఇక్కడ కనిపించేది నాళంలోని రక్తం. నాళానికి దూరంగా ఉన్న కణంలోని ఆక్సిజన్ కాదు. పైగా రక్తమే లేని చోట ఆక్సిజన్ లేని హిమోగ్లోబిన్ కూడా ఉండదు, అంటే అత్యంత తీవ్రమైన కొరత ఉన్న ప్రాంతం బోల్డ్‌కు కనపడకుండా పోవచ్చు. బ్రిటన్‌లోని మౌంట్ వెర్నన్ ఆస్పత్రిలో ప్రోస్టేట్ కణితులపై జరిగిన అధ్యయనంలో ఈ పద్ధతి హైపాక్సియాను చాలావరకు పట్టింది గాని, లేని చోట కూడా ఉందని చెప్పింది.

రెండోది ఆక్సిజన్ పీల్పించి తీసే ఎమ్మారై. దీని తర్కం ఆసక్తికరమైనది. మామూలు గాలి పీల్చేటప్పుడే ధమని రక్తంలో హిమోగ్లోబిన్ దాదాపు నిండిపోయి ఉంటుంది. రోగికి మాస్కుతో నూరు శాతం ఆక్సిజన్ ఇస్తే అదనంగా వచ్చింది ప్లాస్మాలో, కణజాల ద్రవంలో కరుగుతుంది. ఆక్సిజన్ అణువు తనంతట తాను అయస్కాంత స్వభావం కలది కావడంతో ఎమ్మారైలో టీ1 అనే కాలం (సంకేతం తిరిగి పూర్వస్థితికి చేరే వ్యవధి) కొద్దిగా తగ్గుతుంది. కణితిలో బాగా ఆక్సిజన్ అందే చోట ఈ మార్పు కనిపిస్తుంది. కొరత ఉన్న చోట వచ్చిన ఆక్సిజన్‌ను ఆకలిగా ఉన్న హిమోగ్లోబిన్ పట్టేసుకుంటుంది, కరిగినది మిగలదు, టీ1 కదలదు. మాంచెస్టర్‌లో జేమ్స్ ఓకానర్ బృందం దీనికి ఇంకో మెట్టు కలిపింది. గడోలినియం ఇంజెక్షన్‌తో రక్తం అందుతున్న భాగాలను ముందు గుర్తిస్తారు. రక్తం అందుతున్నా ఆక్సిజన్‌కు స్పందించని భాగాన్ని హైపాక్సిక్ అని, రక్తమే అందని భాగాన్ని చచ్చిన కణజాలం అని వేరుచేస్తారు. కొలవాల్సిన మార్పు చిన్నది, రోగి కదిలినా ఊపిరి తీరు మారినా లెక్క తప్పుతుంది. అయినా మాస్కు, ఆక్సిజన్ సిలిండరు తప్ప కొత్త సరంజామా అక్కర్లేదు కాబట్టి ఆస్పత్రులకు అందుబాటులో ఉండే పద్ధతుల్లో దీనిదే ముందు వరుస అని చెప్పవచ్చు. రేడియేషన్ యంత్రంలోనే ఎమ్మారై అమర్చిన కొత్త తరం పరికరాలు వచ్చాక చికిత్స బల్ల మీదే ఈ కొలత తీసే వీలు కూడా ఏర్పడింది.

ఓస్లోకు చెందిన హైడి లింగ్ బృందం ఇంకో కోణం చూపింది. నీటి అణువుల కదలికను చూసే డిఫ్యూజన్ ఎమ్మారై నుంచి రక్త సరఫరానూ, కణాల రద్దీనీ విడిగా అంచనా వేసి, సరఫరా తక్కువై వాడకం ఎక్కువైన చోటును హైపాక్సియాగా గుర్తిస్తారు.

ఇతర పద్ధతులు

ఆక్సిజన్ పీడనాన్ని నేరుగా అంకెల్లో చెప్పగలది ఎలక్ట్రాన్ పారామాగ్నెటిక్ రెజొనెన్స్, అంటే ఈపీఆర్. కణితిలో ఉంచిన ఒక పదార్థపు సంకేతం వెడల్పు ఆక్సిజన్‌ను బట్టి మారుతుంది. అమెరికాలోని డార్ట్‌మత్‌లో హెరాల్డ్ స్వార్ట్జ్ బృందం రోగుల్లో దీనికి ఇండియా ఇంక్ అనే నల్ల సిరాను వాడింది. దానిలోని కార్బన్ రేణువులే పనిచేసే పదార్థం. ఒకసారి ఎక్కిస్తే నెలల తరబడి అదే చోట మళ్లీ మళ్లీ కొలవవచ్చు. చర్మానికి సెంటీమీటరు లోపున్న గడ్డలకే ఇది సరిపోతుంది. ఫ్లోరిన్ పదార్థాలను ఎక్కించి తీసే ఎమ్మారై ప్రయోగశాల జంతువుల్లో చక్కగా పనిచేసినా ఆస్పత్రికి రాలేదు. ఫోటోఎకౌస్టిక్ పద్ధతిలో 700 నుంచి 900 నానోమీటర్ల మధ్య లేజర్ కాంతిని పంపి, రక్తం వేడెక్కి వెలువరించే శబ్దతరంగాలను అల్ట్రాసౌండ్ మాదిరి పట్టుకుంటారు. ఆక్సిజన్ ఉన్న హిమోగ్లోబిన్, లేని హిమోగ్లోబిన్ కాంతిని వేర్వేరుగా పీలుస్తాయి కనుక రక్తంలో ఆక్సిజన్ శాతం తెలుస్తుంది. కొన్ని సెంటీమీటర్ల లోతు దాటదు, రొమ్ము కణితులకు అనువైనది.

చికిత్సను మార్చగలిగిందా

హైపాక్సియా పటం ఉన్నంత మాత్రాన రోగికి మేలు జరగదు, దాన్ని చూసి చికిత్స మారాలి. ఈ విషయంలో టిరపజమైన్ కథ చెప్పుకోదగింది. ఆక్సిజన్ లేని కణాలను ఎంచి చంపే మందు అది. ఆస్ట్రేలియా బృందం తల, మెడ క్యాన్సర్‌లో దాన్ని పరీక్షిస్తూ 45 మందికి ఎఫ్‌మిసో స్కాన్ చేసింది. 2006లో వెలువడిన ఫలితాల్లో, హైపాక్సియా ఉండి టిరపజమైన్ లేని చికిత్స పొందిన 13 మందిలో 8 మందికి జబ్బు ఆ ప్రాంతంలోనే తిరగబెట్టింది. హైపాక్సియా ఉండి టిరపజమైన్ తీసుకున్న 19 మందిలో ఒక్కరికే అలా జరిగింది. చిన్న సంఖ్యలే అయినా తేడా కొట్టొచ్చినట్టుంది. దాని తర్వాత 861 మందితో పెద్ద ట్రయల్ నడిచింది. ఆ మందు వల్ల ఆయుష్షు పెరగలేదని 2010లో తేలింది. ఆ ట్రయల్‌లో రోగులను హైపాక్సియా స్కాన్‌తో ఎంపిక చేయలేదు. రేడియేషన్ నాణ్యత కూడా కొన్ని కేంద్రాల్లో సరిగా లేదని తర్వాత బయటపడింది. అవసరం లేనివారికి కూడా మందు ఇస్తే అవసరమున్నవారికి జరిగిన మేలు సగటులో కొట్టుకుపోతుంది. మంచి మందే పనికిరానిదిగా ముద్రపడి ఉండవచ్చు.

నెదర్లాండ్స్‌లో స్వరపేటిక క్యాన్సర్‌పై, కణితికి ఆక్సిజన్ సరఫరా పెంచే కార్బోజెన్ వాయువు, నికోటినమైడ్ కలిపి ఇచ్చిన ట్రయల్ 2012లో అదే సూచన ఇచ్చింది. అక్కడ స్కాన్‌కు బదులు పిమోనిడజోల్ అనే మందు ఇచ్చి తీసిన బయాప్సీ ముక్కలో హైపాక్సియాను చూశారు. మెడ గ్రంథుల్లో జబ్బు అదుపులో ఉండటంలో స్పష్టమైన మేలు పొందింది హైపాక్సియా ఎక్కువున్నవారే. డెన్మార్క్‌లో మాత్రం హైపాక్సిక్ కణాలను రేడియేషన్‌కు లొంగదీసే నిమోరజోల్ మాత్రలు తల, మెడ క్యాన్సర్ రేడియేషన్‌తో పాటు మామూలు చికిత్సలో భాగమయ్యాయి.

పటాన్ని బట్టి రేడియేషన్ పోయడాన్ని డోస్ పెయింటింగ్ అంటారు. 2000లో న్యూయార్క్‌లోని క్లిఫ్టన్ లింగ్ బృందం ఈ ఆలోచనకు రూపమిచ్చింది. కణితి మొత్తానికి 70 గ్రే (రేడియేషన్ మోతాదు కొలమానం) ఇస్తూ, ఊపిరాడని భాగానికి మరికొంత కలుపుతారు. జర్మనీలోని ట్యూబింగెన్‌లో ఎఫ్‌మిసో చూపిన భాగానికి 77 గ్రే దాకా ఇచ్చి పరీక్షించారు. ఇవ్వవచ్చని తేలింది, జబ్బు నయం కావడంలో తేడా ఎంతో తేల్చడానికి రోగుల సంఖ్య చాలలేదు.

ఇప్పటిదాకా ఎక్కువ ఆశ రేపింది దీనికి తిరగబడిన ఆలోచన. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ కేంద్రంలో నాన్సీ లీ బృందం పాపిలోమా వైరస్ వల్ల వచ్చే గొంతు క్యాన్సర్‌లో ముందు అసలు గడ్డను ఆపరేషన్‌తో తీసేసి, మెడ గ్రంథులపై ఎఫ్‌మిసో స్కాన్ చేసింది. హైపాక్సియా లేనివారికి, చికిత్స మొదట్లోనే తొలగిపోయినవారికి 70 గ్రేకు బదులు 30 గ్రేతో ఆపేసింది. తొలి అధ్యయనంలోని 19 మందిలో 15 మందికి ఈ తగ్గింపు వర్తించింది. తర్వాతి పెద్ద అధ్యయనం కూడా అదే దారిలో సాగి, రెండేళ్లకు అత్యధికుల్లో జబ్బు తిరిగి రాలేదని చూపింది. నోరెండిపోవడం, మింగలేకపోవడం వంటి జీవితకాలపు బాధలు రేడియేషన్ మోతాదుతో పెరుగుతాయి కనుక ఈ తగ్గింపు విలువ చిన్నది కాదు. దీన్ని మన దేశానికి ఉన్నపళాన తెచ్చి అన్వయించడానికి మాత్రం లేదు. ఇక్కడి నోరు, గొంతు క్యాన్సర్లలో ఎక్కువ భాగం పొగాకు, వక్కల వల్ల వచ్చేవి. ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట నిప్పును నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే స్త్రీలకు అంగిట్లో వచ్చే క్యాన్సర్ ఆ కోవలోదే. అవి వైరస్ వల్ల వచ్చే కణితులంత తేలిగ్గా రేడియేషన్‌కు లొంగవు.

కొత్త మందు నిజంగా ఆక్సిజన్‌ను పెంచుతోందా అని తనిఖీ చేయడానికి కూడా ఈ స్కాన్లు వాడుతున్నారు. కణం ఆక్సిజన్ ఖర్చు తగ్గిస్తే నాళానికి దూరంగా ఉన్న కణాలకు మిగులుతుంది. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్‌ను టొరంటోలో ఫాజా స్కాన్‌తోనూ, మలేరియా మందు అటోవాక్వోన్‌ను ఆక్స్‌ఫర్డ్‌లో ఎఫ్‌మిసో స్కాన్‌తోనూ ఇలా పరీక్షించారు. రెండింటిలోనూ కణితి హైపాక్సియా తగ్గిన సూచనలు కనిపించాయి.

పరిమితులు

పెట్ స్కాన్‌లో స్పష్టంగా విడదీయగల దూరం 4, 5 మిల్లీమీటర్లు. ఆక్సిజన్ ఉన్న పొరకూ లేని పొరకూ మధ్య ఎడం 0.15 మిల్లీమీటర్లు. అంటే చిత్రంలోని ఒక్కో చుక్కలో నిండుగా ఊపిరి ఉన్నవి, ఊపిరాడనివి, చచ్చినవి అన్నీ కలిసిపోయి ఉంటాయి, తెర మీద పడేది వాటి సగటు. చిన్న చిన్న హైపాక్సిక్ మడుగులు గడ్డంతా చెదిరి ఉంటే స్కాన్ హైపాక్సియా లేదని చెప్పవచ్చు.

కాలం రెండో చిక్కు. తాత్కాలిక హైపాక్సియా గంటల్లో మారుతుంది. మూడు రోజుల తేడాతో ఒకే రోగికి రెండుసార్లు ఎఫ్‌మిసో తీసిన న్యూయార్క్ అధ్యయనంలో కొందరిలో పటాలు బాగా మారాయి. జపాన్‌లోని హొక్కైడో బృందం మరింత మెరుగైన యంత్రంతో, ఎక్కువసేపు వేచి తీస్తే పటాలు దాదాపు ఒకేలా వచ్చాయి. మార్పులో కొంత కణితిది, కొంత కొలతది అని దీన్నిబట్టి అనుకోవచ్చు. చికిత్స మొదలయ్యాక కణాలు చచ్చేకొద్దీ మిగిలినవాటికి ఆక్సిజన్ మెరుగుపడుతుంది. రేడియేషన్‌ను రోజూ కొంచెం కొంచెంగా వారాల తరబడి ఇవ్వడంలోని కిటుకుల్లో ఇదొకటి. అలా మెరుగుపడకుండా రెండో వారంలోనూ హైపాక్సియా మిగిలినవారికే ముప్పు ఎక్కువని డ్రెస్డెన్ అధ్యయనం 2012లో చూపింది. చికిత్సకు ముందు తీసిన ఒక్క స్కాన్ కన్నా మధ్యలో తీసిన స్కాన్ ఎక్కువ చెబుతుందన్న అభిప్రాయం అప్పటి నుంచి బలపడింది.

ఏ అంకె దాటితే హైపాక్సియా అనాలో, ఎన్ని గంటలకు చిత్రం తీయాలో కేంద్రాలన్నీ ఒక్క మాట మీద లేవు. ఒక చోట వచ్చిన ఫలితాన్ని మరో చోట సరిపోల్చడం ఇందువల్లే కష్టమవుతోంది. ఎఫ్‌డీజీ రోజూ పెద్ద ఎత్తున తయారై ఆస్పత్రులకు చేరుతుంది. ఎఫ్‌మిసో, ఫాజాలకు అంత గిరాకీ లేదు, సైక్లోట్రాన్, రేడియోఫార్మసీ సొంతంగా ఉన్న కేంద్రాలు పరిశోధన కోసం చేసుకునేవే ఎక్కువ. ఆ ఖర్చు లేని మార్గంగా బయాప్సీ ముక్కలోనే హైపాక్సియా వల్ల మేల్కొన్న జన్యువులను లెక్కించే పరీక్షలు వచ్చాయి. డెన్మార్క్ పరిశోధకుల 15 జన్యువుల పరీక్ష వాటిలో పేరున్నది. హైపాక్సియా ఉందో లేదో అది చెప్పగలదు, గడ్డలో ఎక్కడుందో చెప్పలేదు. రేడియేషన్‌ను గురిపెట్టాలన్నా, చికిత్స మధ్యలో మార్పును వెంబడించాలన్నా ఇమేజింగ్ తప్పదు. అందుకే ప్రస్తుత అధ్యయనాల్లో బయాప్సీ పరీక్ష, ఆక్సిజన్ ఎమ్మారై, పెట్ స్కాన్‌లను ఒకే రోగిలో పక్కపక్కన పెట్టి చూసే ధోరణి పెరుగుతోంది.